మా నాలుగెకరాలు, ఆయన ముప్పై బస్తాలు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర వాదన మొదలైంది. డబ్బున్నవాళ్ళ వల్లే పేదవాళ్ళు పేదవాళ్ళుగా ఉండిపోతున్నారా అని. ఒకడు అంతా దోపిడీయే అన్నాడు, ఇంకొకడు "వాడు సంపాదిస్తే నీ జేబులోంచి ఏం పోయింది?" అన్నాడు. మామూలుగా నేను రెండోవాడి పక్షమే. నాకు జీతమిచ్చే ఓనరు కోట్లు గడించాడు, ఆ దారిలో మాలాంటి వాళ్ళం చాలామందిమి అప్పుల్లోంచి బయటపడ్డాం. అంతెందుకు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పండిన సిరి ఎవరి నోటికాడ కూడూ లాక్కున్నది కాదు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి మావైపు ఇప్పటికీ దండలు వేస్తారు.

కానీ ఆ రోజు నోరు మెదపలేదు. ముందురోజు రాత్రే నాన్నతో కౌలు గురించి మాట్లాడాను మరి.

మాకు కోనసీమలో నాలుగెకరాలుంది. నాన్న చేలో కాలు పెట్టి పదిహేనేళ్ళయింది, ఒకాయన కౌలుకి చేస్తున్నాడు. లెక్క ఇదీ. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఎకరానికి 30 బస్తాలు, దాళ్వాలో, అంటే రెండో పంటలో, 45 అనుకోండి, అన్నీ కలిసొస్తే మొత్తం 75. అందులో మా కౌలు 30 బస్తాలు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకి 2,300, అంటే 75 కిలోల బస్తా 1,725 రూపాయలు. ఆయన వాటా 45 బస్తాలకి 77 వేల చిల్లర. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, రెండు పంటలకీ కలిపి 70 వేలు ఖర్చు తప్పదు. మిగిలింది ఏడు వేలు, అదీ ఏడాదికి, ఎకరానికి. కోతల ముందు తుఫాను వస్తే అదీ ఉండదు, మా 30 బస్తాలు మాత్రం కదలవు.

2011లో గిట్టుబాటు కాక మావైపు వేల ఎకరాల్లో సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే అన్నారు. అయినా కౌలుకి పోటీ తగ్గలేదు, వేరే పని ఏముంది?

ఇక్కడితో ఆగితే బాగుండేది. 2019 నుంచి రైతులకి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు మూడు విడతల్లో పడుతున్నాయి, ఎవరి ఖాతాలో? నాన్న ఖాతాలో. పొలం పాస్‌బుక్ నాన్నది కాబట్టి పంట రుణం కూడా నాన్నకే, ఏడు శాతం వడ్డీకి, గడువులోపు కడితే నాలుగే. ఆ డబ్బు మా చెల్లి పెళ్ళిలో ఖర్చయింది, దాచుకోవడమెందుకు. నిజంగా పంట పెట్టేవాడు మాత్రం మందుల కొట్లో అరువు, బయట రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం.

2019లోనే ఆంధ్రాలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కౌలుదారుకి 11 నెలల కార్డు ఇస్తారు, దాంతో రుణానికి, నష్టపరిహారానికి దారి దొరుకుతుంది. దానికి భూమి ఆసామి సంతకం కావాలి. ఆయన రెండుసార్లు కాగితం పట్టుకొచ్చాడు. నాన్న "చూద్దాంలే" అన్నాడు రెండుసార్లూ. నాన్న చెడ్డమనిషి కాదు, వాళ్ళింట్లో ఎవరికి బాగోకపోయినా ఆటో మాట్లాడి పంపేది ఆయనే. కాగితం మీద సంతకం పెడితే పొలం పోతుందేమోనన్న భయం, అంతే. ఆ భయం ఖరీదు ఇరవై నాలుగు శాతంలో కనపడుతోంది, కడుతున్నది నాన్న కాదు.

ఇక పొలం ధర. మా ఊళ్ళో ఎకరం యాభై లక్షలంటున్నారు. ఎకరానికి ఏటా వచ్చే 30 బస్తాల విలువ 51,750. పెట్టిన డబ్బుకి ఒక్క శాతం చిల్లర! బ్యాంకులో వేసుకున్నా ఇంతకి ఎన్నో రెట్లు వస్తుంది. అంటే ఈ ధర వడ్లు చూసి పెట్టినది కాదు, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో సంపాదించి, ఊళ్ళో ఓ రెండెకరాలు పడేద్దాం అనుకునేవాళ్ళు పెట్టినది. వాళ్ళెవరూ దొంగలు కాదు. మా తాతల కాలంలో కౌలుకి చేసినవాడు పదేళ్ళు ఒళ్ళొంచితే అరెకరం కొనుక్కున్న సంగతులు మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఇప్పుడాయన ఏడు వేల చొప్పున కూడబెడితే ఒక్క ఎకరానికి ఎన్ని తరాలు కావాలో మీరే లెక్కేసుకోండి.

2023 ఆగస్టులో హైదరాబాద్ పక్కన కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటితే మేమంతా నోరెళ్ళబెట్టి వాట్సాప్‌లో పంచుకున్నాం. అక్కడ జరిగిందే మా ఊళ్ళో చిన్న సైజులో జరుగుతోంది, నేనూ అందులో ఉన్నాను. కొత్త వస్తువు తయారుచేసి కోటీశ్వరుడైనవాడి మీద నాకు ఇప్పటికీ పేచీ లేదు. పెరగని భూమి మీద ఆ కోట్లు వచ్చి కూర్చున్నప్పుడే, ఎవరి జేబులోంచీ రూపాయి తియ్యకుండానే, కింద ఉన్నవాడికి నిచ్చెన అందకుండా పోతోంది.

ఇంతకీ ఆ రాత్రి నాన్న ఫోన్ చేసింది, బెంగళూరు నుంచి ఎవరో పొలం అడుగుతున్నారని చెప్పడానికి. ఆ సంగతి మా కౌలుదారుకీ తెలిసింది, పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. అమ్మొద్దని అడుగుతాడేమో అనుకున్నాను.

"అబ్బాయిగారూ, అమ్మితే అమ్మండి. కొన్నవాళ్ళకి మాత్రం ఒక మాట చెప్పండి, కౌలు నాకే ఇమ్మని. కావాలంటే ఇంకో రెండు బస్తాలు ఎక్కువేస్తానండి."