మూడంగుళాల రెడ్‌టెయిల్, ఎనిమిది టన్నుల నీళ్ళు

బెజవాడ అక్వేరియం షాపుల్లో కనబడే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల మూడంగుళాలు ఉంటుంది. నల్లటి వీపు, పక్కన తెల్లటి పట్టీ, ఎర్రటి తోక, మూతి చుట్టూ మూడు జతల మీసాలు. ముద్దొస్తుంది, చెయ్యి పర్సు మీదికి పోతుంది. దాని సొంతూరు అమెజాన్, ఒరినోకో నదులు. అక్కడ నాలుగడుగులు దాటి నలభై కిలోల పైన తూగే చేప ఇది. ఇంట్లో కూడా మొదటి ఏడాదికే అడుగున్నర అవుతుంది, ఆ తర్వాత మూడు, మూడున్నర అడుగులకు రావడం మామూలే. బతికేది పదిహేనేళ్ళ పైమాటే.

"తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందండీ" అని కౌంటర్ దగ్గర చెప్పే మాట నమ్మకండి. చిన్న తొట్టిలో చేప చిన్నగా ఉండిపోయిందంటే పాడునీళ్ళలో గిడసబారిందని అర్థం. వెన్ను వంకర పోతుంది, మీసాలు అరిగిపోతాయి, అయిదేళ్ళు తిరక్కుండానే పోతుంది.

కాబట్టి ఆఖరి తొట్టి ముందు కట్టి, చేపను తర్వాత కొనాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు తొట్టి పట్టేది 450 లీటర్లు. అది ఆరేడు నెలల ముచ్చట. ఆఖరి తొట్టి వెడల్పు ఎదిగిన చేప పొడవుకి రెట్టింపు ఉంటేనే అది ఒళ్ళు మడవకుండా తిరుగుతుంది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడడుగుల నీళ్ళు అనుకుందాం. 288 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున 8,150 లీటర్లు, అంటే ఎనిమిది టన్నులు.

ఆ బరువుతో అపార్ట్‌మెంట్ మాట ఎత్తకూడదు. ఇళ్ళ గదులకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల భారతీయ ప్రమాణం) ప్రకారం వేసే లెక్క చదరపు మీటరుకి 200 కిలోలు. మూడడుగుల నీళ్ళు ఒక్కటే చదరపు మీటరు మీద 914 కిలోలు మోపుతాయి. డాబా మీద అసలొద్దు. నేల మీద, తూర్పు వైపో ఉత్తరం వైపో నీడ పడేచోట సిమెంటు తొట్టే దారి. గోడలు, అడుగు ఆర్‌సీసీ అయితే నిశ్చింత. ఇటుక గోడ అనుకుంటే ఇంజనీరుని ఒక్కమాట అడగండి. లోపలి మూలలు గుండ్రంగా తిప్పించాలి, లేదంటే ముక్కు రాసుకుని పుండు పడుతుంది. అద్దం కిటికీ మోజు మానుకుంటే లీకుల బాధ సగం తీరుతుంది.

కొత్త సిమెంటు సున్నం వదులుతుంది. మొదటిసారి నింపిన నీళ్ళ పీహెచ్ పది దాటినా ఆశ్చర్యం లేదు. వారం నిల్వ ఉంచి పారబోయండి, మళ్ళీ నింపండి. మూడు నాలుగు విడతలయ్యాక, నాలుగు రోజులు కదపకుండా ఉంచినా పీహెచ్ మీ బోరు నీళ్ళ పీహెచ్‌తో సమానంగా ఉంటేనే తొట్టి సిద్ధమైనట్టు.

ఇక అమోనియా, తిన్న మేత నుంచి చేప నీళ్ళలోకి వదిలే విషం. నలభై శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 గ్రాములు వేస్తే నీళ్ళలోకి వచ్చే అమోనియా దాదాపు మూడున్నర గ్రాములు. ఎనిమిది వేల లీటర్లలో అది రోజుకి లీటరుకి అర మిల్లీగ్రాము కూడా కాదు. అదే 450 లీటర్ల గాజు తొట్టిలో ఎనిమిది మిల్లీగ్రాములు! పైగా దాని విషం పీహెచ్‌ని బట్టి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ ఏడు దగ్గర అమోనియాలో విషపు భాగం ఒక శాతం లోపే. ఎనిమిది దగ్గర ఏడున్నర శాతం. మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఎనిమిదికి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి, ఏదో దేశం వాళ్ళ వీడియో చూసి "వాళ్ళకి ఏమీ కాలేదుగా" అనుకుంటే కుదరదు.

ఫిల్టర్ సంప్ మూడు గదులుగా కట్టించండి. మొదటి గదిలో పెంట అడుక్కి దిగాలి. రెండోదాంట్లో ఫిల్టర్ మ్యాట్‌లు. మూడోదాంట్లో గాలి బుడగలకు గిరగిరా తిరిగే కే1 ప్లాస్టిక్ మీడియా, వంద లీటర్లు. గంటకి పదివేల లీటర్లు తోడే మోటార్లు రెండు, వేరువేరు లైన్ల మీద. ఒకటి కాలిపోయినా రెండోది నడుస్తుంది. కరెంటు లైనుకి 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి, తడి చేత్తో పనిచేసే చోటు కదా. మీడియాకి అమోనియాను విరిచే బ్యాక్టీరియా పట్టడానికి నాలుగైదు వారాలు పడుతుంది. నడుస్తున్న వేరే తొట్టి నుంచి పాత ఫిల్టర్ ఊల్ తెచ్చి వేస్తే త్వరగా పడుతుంది.

వారానికి మూడో వంతు నీళ్ళు మార్చాలి, అంటే 2,700 లీటర్లు. తీసిన నీళ్ళు కొబ్బరికి, అరటికి పోస్తే చెట్లు పండగ చేసుకుంటాయి. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న వెయ్యి లీటర్లకి ఏడు నుంచి పది గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) ముందే కలపండి. బోరు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి షవర్‌లా పైనుంచి పడేట్టు పట్టాలి.

మే నెలే అసలు పరీక్ష. ఈ చేపకు హాయిగా ఉండేది 24 నుంచి 28 డిగ్రీలు. నీళ్ళు 32కి చేరితే 25 దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్ 7.3కి పడిపోతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. చాలామంది ఐసు సీసాలు వేస్తారు. లెక్క చూడండి: ఈ తొట్టిని ఒక్క డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 75 కిలోల ఐసు కావాలి. రెండు లీటర్ల సీసా వేస్తే డిగ్రీలో నలభయ్యో వంతు కూడా తగ్గదు. అదే పద్నాలుగు లీటర్ల నీళ్ళు ఆవిరైపోతే ఆ ఒక్క డిగ్రీ తగ్గిపోతుంది. అందుకని నీళ్ళమీదుగా రెండు పెడస్టల్ ఫ్యాన్లు తిప్పండి, పైన గ్రీన్ షేడ్ నెట్ కట్టండి. వడగాడ్పుల రోజుల్లో ఫ్యాను బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జూన్, జులై ఉక్కపోతలో అంత లాభం ఉండదు. 31 దాటిన రోజుల్లో మేత సగానికి తగ్గించండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మోటారు నడపాలని చూడకండి. 150 ఏహెచ్ బ్యాటరీతో నలభై వాట్ల ఎయిర్ పంపు ఒక రోజంతా నడుస్తుంది. చేపకూ కే1 బ్యాక్టీరియాకూ అప్పటికి కావలసింది గాలే.

మేత సంగతికొస్తే, అడుగు దాటేదాకా రోజూ కొంచెం, తర్వాత వారానికి మూడుసార్లు, రెండున్నర అడుగులయ్యాక రెండుసార్లు చాలు. మునిగే పిల్లెట్లు, రొయ్యలు, జిలేబీ చేప (తిలాపియా) ముక్కలు పెట్టండి. చెరువులకి వేసే తేలే మేత చవకే గానీ, దాంట్లో పిండిపదార్థం ఎక్కువ, దానిమీదే పెంచకండి. చికెన్ లివర్, కోడి కొవ్వు వద్దు. గోల్డ్‌ఫిష్‌ని ప్రాణంతో వదలడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు: దాంట్లో థయామినేజ్ ఉంటుంది, బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, జబ్బులు తోడు. ఎక్కువ తింటే అర్ధరాత్రి కక్కేస్తుంది. సగం అరిగిన కిలో రొయ్యలు తెల్లారేదాకా నీళ్ళలో ఊరితే తొట్టి పాలరంగుకి తిరుగుతుంది.

దీనికి మేత, వస్తువు అన్న తేడా లేదు. థర్మామీటర్, మోటారు అడుగున ఉండే రబ్బరు కప్పులు, గులకరాళ్ళు, చేతికి వేసుకునే గ్లౌజు, అన్నీ మింగుతుంది. నీళ్ళు పీల్చే గొట్టానికి జాలీ స్క్రూలతో బిగించాలి. అడుగు బోడిగా ఉంచండి. తన పొడవులో సగమున్న ఏ చేపనైనా తోటివాడనుకోదు, తిండే అనుకుంటుంది. అటూ ఇటూ మార్చేటప్పుడు వల వాడకండి; ఛాతీ రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుంటాయి, విడిపించేలోపు రెక్క విరుగుతుంది. తడి టార్పాలిన్ కిందుగా పోనిచ్చి, ఇద్దరు చెరో వైపు పట్టి ఎత్తాలి. పొలుసు లేని చర్మం కాబట్టి మందులు సగం డోసుతో మొదలుపెట్టండి.

"షార్క్" పేరుతో అమ్మే వెండిరంగు పిల్లల సంగతీ ఇదే. అది మన చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే ఫంగస్ చేపే, పంగాసియస్. అదీ మీటరు దాటుతుంది, పైగా గుంపులో తప్ప నిలకడగా ఉండదు, బెదిరి అద్దానికి ముక్కు కొట్టుకుంటుంది.

పెద్దదయ్యాక ఇస్తామంటే తీసుకునే చోటు దాదాపు దొరకదు. షాపువాళ్ళు అడుగు దాటిన చేపను తిరిగి తీసుకుంటారో లేదో కొనేముందే అడగండి. ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వదిలేయడం మాత్రం నేరంగానే చూడాలి. దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునే సక్కర్ ఫిష్ మన నీళ్ళలోకి వచ్చింది అక్వేరియంల ఖాతాలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి చోట నేల మీది తొట్టి గోడ మూడున్నర అడుగులైతే వరద దాని మీదుగా పోతుంది, చేప దాంతో పాటు పోతుంది. తొట్టి మీద ఇనుప జాలీ మూత వేయించి, నాలుగు మూలలా కొండీలు పెట్టించండి. అది ఎండాకాలంలో చేప ఎగిరి బయటపడకుండా కూడా ఆపుతుంది.