ఔట్‌పాస్ మీద బయటికెళ్ళిన జవాన్ పోలీస్ స్టేషన్‌లో తేలితే ఏం చేశాం – నా అనుభవం

నేను ఆర్మీలో సుబేదార్‌గా రిటైర్ అయ్యాను, ఆఖరి కొన్నేళ్ళు ఒక ఇన్‌ఫాంట్రీ కంపెనీకి సీనియర్ జేసీఓగా (జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) చేశాను. ఈ మధ్య కొత్తగా నాయబ్ సుబేదార్ అయిన మనవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే, సాబ్, మన జవాన్ డ్యూటీలో లేనప్పుడు బయట గొడవ చేసి పోలీసులకి దొరికితే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి, ఏం రాయాలి అని. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే 2019లో మా కంపెనీలో జరిగింది మొదట్నుంచి రాసేస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందనిపించింది. ఊరు, యూనిట్, కుర్రాడి పేరు రాయను, వాడు ఇంకా సర్వీస్‌లోనే ఉన్నాడు.

ఆదివారం, వాడికి ఔట్‌పాస్ (బయటికెళ్ళడానికి అనుమతి చీటీ) ఉంది, రోల్ కాల్‌కి (హాజరుకి) రాలేదు. రాత్రి భోజనాల టైమ్ దాటాక పోలీస్ స్టేషన్ నుంచి యూనిట్ ఎక్స్ఛేంజ్‌కి ఫోన్ వచ్చింది, మీ వాడొకడు బాగా తాగి ఆటో డ్రైవర్‌ని కొట్టాడు, ఆటో ముందద్దం పగలగొట్టాడు, ఎవరైనా రండి అని. డ్యూటీ జేసీఓ నాకు చెప్పాడు, నేను బూట్లు వేసుకునేలోపే మా సీహెచ్ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) వచ్చి నిలబడ్డాడు. మంచి మనిషి, కంపెనీ అంటే ప్రాణం. సాబ్, నేను బండేసుకుని వెళ్ళి ఆ ఆటోవాడికి ఎంతో కొంత ఇచ్చి వీణ్ణి తెచ్చేస్తాను, సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) సాబ్ దాకా ఎందుకు, కంపెనీ పరువు పోతుంది, పైగా వాడు డ్యూటీలో లేడు కదా, ఆదివారం వాడిష్టం అన్నాడు.

వద్దన్నాను. ఎందుకంటే పోలీసులు ఫోన్ చేశారంటే వాళ్ళ జనరల్ డైరీలో ఒక లైను పడే ఉంటుంది, ఆ లైను ఎప్పుడో ఒకప్పుడు మిలిటరీ పోలీసుల ద్వారానో స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ (ఆ ఊళ్ళోని ఆర్మీ ఆఫీసు) ద్వారానో సీఓ సాబ్ టేబుల్ మీదకి వస్తుంది, అప్పుడిక అది కుర్రాడి తప్పు కాదు, దాచిన మాది. ఇంకో మాట, డ్యూటీలో లేడు కాబట్టి మనకి సంబంధం లేదు అనేది లైన్లలో (జవాన్ల బ్యారక్‌లలో) అందరూ అనుకునేదే కానీ అది నిజం కాదు. ఎన్‌రోల్ అయిన రోజు నుంచి డిశ్చార్జ్ అయ్యేదాకా, లీవ్‌లో ఉన్నా ఔట్‌పాస్ మీద ఉన్నా, మనిషి ఆర్మీ యాక్ట్ 1950 కిందే ఉంటాడు. సెక్షన్ 48 అయితే తాగి ఉండటం గురించి డ్యూటీలో ఉన్నా లేకపోయినా అని అదే మాట రాసి పెట్టింది. వెంటనే కంపెనీ కమాండర్ సాబ్‌కి చెప్పాను, ఆయన అడ్జుటెంట్‌కి (సీఓ తరఫున ఆఫీసు పనులు చూసే ఆఫీసర్), అడ్జుటెంట్ సీఓ సాబ్‌కి, అంతా పది నిమిషాల్లో అయిపోయింది.

వెళ్ళేముందు బ్యారక్ దగ్గర ఇంకో తలనొప్పి. మనవాణ్ణి పోలీసులు కొడుతున్నారంట అని ఎవడో పుకారు లేపాడు, పదిహేనిరవై మంది కుర్రాళ్ళు షూస్ కట్టుకుని రెడీ అయిపోయారు. ఒక్కణ్ణి కూడా గేటు దాటనివ్వలేదు, గార్డ్ కమాండర్‌కి చెప్పి ఆ రాత్రికి ఔట్‌పాస్‌లు అన్నీ బంద్ చేయించాను. జవాన్లు గుంపుగా పోలీస్ స్టేషన్ మీదకి వెళ్ళి దేశమంతా వార్త అయిన సందర్భాలు ఉన్నాయి, అందులో మొదట చేసిన చిన్న తప్పు ఎవరికీ గుర్తుండదు, వెనక వెళ్ళిన వాళ్ళ ఉద్యోగాలు మాత్రం పోతాయి. మేం వెళ్ళింది ఒక కెప్టెన్ సాబ్, నేను, రెజిమెంటల్ పోలీస్ (యూనిట్ సొంత పోలీస్) ఇద్దరు, అంతే. చేతిలో అడ్జుటెంట్ సంతకంతో లెటర్, అందులో వాడి నంబర్, ర్యాంక్, పేరు, ఇతను మా యూనిట్ మనిషే, మాకు అప్పగించమని కోరుతున్నాం అని, దాంతోపాటు ఔట్‌పాస్ కాపీ. ఈ లెటర్ లేకుండా వెళ్తే అక్కడ గంటలు గంటలు కూర్చోవాలి, కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

స్టేషన్‌లో మావాడు బెంచీ మీద కూర్చుని ఇంకా అరుస్తూనే ఉన్నాడు, మిలిటరీవాణ్ణి పోలీసులు అరెస్ట్ చెయ్యకూడదు, నాకు రూల్ తెలుసు అని. ఆ రూల్ సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 45, అది అఫీషియల్ డ్యూటీ చేస్తూ చేసిన పనులకి మాత్రమే రక్షణ, తాగి ఆటో అద్దం పగలగొట్టడానికి కాదు. (2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్, ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్) పోయి బీఎన్‌ఎస్ వచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి నేను రాసిన ఐపీసీ, సీఆర్‌పీసీ నంబర్లు అప్పటివి అని చూసుకోండి.) కెప్టెన్ సాబ్ వాడి ముందు నిలబడి నోరు ముయ్ అని ఒక్కసారి అన్నారు, అంతే, చల్లబడ్డాడు.

ఆ స్టేషన్ ఇన్‌చార్జ్ పద్ధతైన మనిషి. ఇద్దరినీ గవర్నమెంట్ హాస్పిటల్‌కి పంపి అప్పటికే మెడికల్ చేయించాడు. దెబ్బ పెద్దది కాదు, పెదవి చిట్లింది, అది ఐపీసీ 323 (గాయపరచడం), అద్దం సంగతి 427 (ఆస్తికి నష్టం), రెండూ నాన్-కాగ్నిజబుల్, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేనివి, కాబట్టి ఎఫ్ఐఆర్ కాకుండా ఎన్‌సీ (నాన్-కాగ్నిజబుల్) రిపోర్ట్ రాశాడు. అదే ఎముక విరిగి ఉంటేనో కత్తి తీసి ఉంటేనో కథ వేరే, అప్పుడు ఏ సెక్షన్లు పడేవో, వాణ్ణి ఎన్నాళ్ళకి చూసేవాళ్ళమో. క్రిమినల్ కోర్టు, కోర్ట్ మార్షల్ (ఆర్మీ కోర్టు) రెండింటికీ అధికారం ఉన్న కేసుల్లో ఎక్కడ విచారించాలి అనేది ఆర్మీ యాక్ట్ సెక్షన్ 125 ప్రకారం మిలిటరీ వైపు పెద్ద ఆఫీసర్ తేల్చుకుంటారు, కోర్టు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో 126లో ఉంది. సివిలియన్ మీద హత్య, రేప్ లాంటివైతే సెక్షన్ 70 ప్రకారం మామూలు పరిస్థితుల్లో కోర్ట్ మార్షల్‌కి అధికారమే లేదు, నేరుగా సివిల్ కోర్టే. ఇవేవీ జేసీఓ తేల్చే విషయాలు కావు, కానీ తెలిసి ఉంటే స్టేషన్‌లో అనవసరపు మాట నోరు జారదు.

ఆ ఆటో డ్రైవర్ ఓ మూల రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నా వయసువాడే. నేను వెళ్ళి పక్కన కూర్చుని, అన్నా, మా పిల్లవాడు చేసింది తప్పే, దీని మీద మా దగ్గర చర్య ఉంటుంది అని చెప్పాను. ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు గుర్తే, నేను డబ్బు కోసం కూర్చోలేదు సాబ్, నా సవారీల ముందు నా చెంప మీద కొట్టాడు అన్నాడు. కంప్లైంట్ వెనక్కి తీసుకోమని మేం అడగలేదు, కోర్టుకి వెళ్ళాలనుకుంటే ఆ హక్కు మీదేనని కెప్టెన్ సాబే చెప్పారు. అద్దం డబ్బులు తర్వాత కుర్రాడి జీతం నుంచే ఇప్పించాం, కంపెనీ కమాండర్‌కి తెలిసి, రసీదు మీద ఇది అద్దం ఖర్చు మాత్రమే, కంప్లైంట్‌తో సంబంధం లేదు అని రాయించి మరీ. అలా రాయకపోతే సాక్షిని కొన్నారనే మాట పడుతుంది.

వాణ్ణి తెచ్చాక నేరుగా లైన్లకి తీసుకెళ్ళలేదు, ఎంఐ రూమ్‌కి (యూనిట్ వైద్య గది) తీసుకెళ్ళాం. డాక్టర్ సాబ్ తాగి ఉన్నాడా లేదా రాశారు, ఒంటి మీద దెబ్బలు ఏవి ఉన్నాయో అదీ రాశారు. రెండోది చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు, రేపు వాడు పోలీసులు కొట్టారనో మనం కొట్టామనో అంటే ఆ కాగితం ఒక్కటే నిలబడుతుంది. తర్వాత క్వార్టర్ గార్డ్‌లో (యూనిట్ గార్డ్ రూమ్, కస్టడీ అక్కడే) పెట్టాం. కస్టడీలో పెట్టిన సంగతి సీఓకి రిపోర్ట్ అయిన 48 గంటల్లోపు చార్జ్ మీద విచారణ మొదలవ్వాలి, సెక్షన్ 102, సర్వీస్ కారణాల వల్ల కుదరకపోతే తప్ప. కాబట్టి గడియారం అప్పుడే నడవడం మొదలైంది.

నిజంగా నాకు కష్టమైంది ఇక్కడే. పొద్దున్న మా ప్లాటూన్ హవల్దార్లు వచ్చి, సాబ్, కాగితాలు ఎందుకు, ఒక వారం మాకు ఇవ్వండి, పిట్టూ (బరువు సంచి) వేయించి రగడా (శిక్షగా ఒళ్ళు హూనం చేసే కసరత్తు) ఇస్తే జన్మలో మందు ముట్టడు, షీట్ రోల్ (సర్వీస్ రికార్డు) కూడా క్లీన్‌గా ఉంటుంది అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాడి కెరీర్ కాపాడాలనే అన్నారు, మా తరం అంతా అలాగే పెరిగింది. నేను వాళ్ళని కూర్చోబెట్టి యాక్ట్ పుస్తకం తీసి రెండు సెక్షన్లు చదివించాను. ఒకటి 48, డ్యూటీలో లేని జవాన్ తాగి దొరికితే కోర్ట్ మార్షల్ అయినా ఆరు నెలలకి మించి జైలు వెయ్యలేదు. రెండోది 47, తన కింది ర్యాంక్ వాణ్ణి కొట్టినా హింసించినా ఏడేళ్ళ దాకా జైలు. వాడి తప్పు కంటే దానికి మనం చాటుగా వేసే శిక్ష పెద్ద నేరం, చట్టం దృష్టిలో. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకడు మాత్రం, మరి క్లీన్ షీట్ సంగతి సాబ్ అన్నాడు. క్లీన్ షీట్ పట్టుకుని వీడు రేపు ఇంకో యూనిట్‌కి పోస్టింగ్ వెళ్తే అక్కడి కమాండర్‌కి వీడికి మందు సమస్య ఉందని ఎలా తెలుస్తుంది, ఆయుధం ఇచ్చి గార్డ్‌కి పంపుతాడు కదా అన్నాను. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

మందు పూర్తిగా దిగాక నేను వాడి దగ్గరికి వెళ్ళాను. ఏరా, ఏమైంది అంటే తలెత్తలేదు. మా తెలుగు పిల్లవాడే, ఆరేళ్ళ సర్వీస్, ఫైరింగ్‌లో మంచివాడు. కాసేపటికి బయటపడింది, ఊళ్ళో నాన్న పోయాక పెదనాన్న కొడుకులు పొలం దున్నేసుకున్నారంట, అమ్మ ఒక్కతే, కోర్టులో దావా వేశారంట, నోటీసు ఫోటో ఆ సాయంత్రమే వాట్సాప్‌లో వచ్చిందంట. లీవ్ అడిగితే ఎక్సర్‌సైజ్ (యూనిట్ యుద్ధ శిక్షణ) ఉందని వాయిదా పడింది, కారణం మాత్రం వాడు ఎవరికీ చెప్పలేదు. విని బాధేసింది, కానీ వాడికి అక్కడే స్పష్టంగా చెప్పాను, ఒరేయ్ తమ్ముడూ, పొలం సంగతి మేం చూస్తాం, ఆటో సంగతి నువ్వు మొయ్యాలి, ఈ రెండూ కలపకు అని. కంపెనీ కమాండర్ సాబ్ కూడా సరిగ్గా అలాగే రెండు ఫైళ్ళు తెరిచారు.

చార్జ్ విషయంలో క్లర్క్ సెక్షన్ 63 కూడా కలుపుదాం అన్నాడు, గుడ్ ఆర్డర్, మిలిటరీ డిసిప్లిన్‌కి భంగం అనేది, అందులో ఏదైనా పడుతుంది కాబట్టి అందరికీ చెయ్యి దానిమీదకే పోతుంది. కమాండర్ సాబ్ ఒప్పుకోలేదు, మన చేతిలో సాక్ష్యం ఉన్నది తాగి ఉన్నాడు అన్నదానికి, కొట్టిన విషయం పోలీసుల దగ్గర, ఆ ఆటో ఆయన చేతిలో ఉంది, రెండు చోట్లా ఒకే దానికి లాగొద్దు అన్నారు. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది.

హియరింగ్ ఆర్మీ రూల్స్ 1954, రూల్ 22 ప్రకారం. టోపీ, బెల్టు తీసేసి మార్చ్ చేయించాం. ముందు కంపెనీ కమాండర్ దగ్గర, తర్వాత సీఓ సాబ్ దగ్గర. సాక్షులు వాడి ముందే చెప్పాలి, వాడు ప్రశ్నలు అడగొచ్చు, తన తరఫున సాక్షిని పిలుచుకోవచ్చు, నేరం నిలబడకపోతే సీఓ ఆ చార్జ్‌ని అక్కడే కొట్టేయాలి. సీఓ సాబ్ తొందరపడలేదు, రెజిమెంటల్ పోలీస్ హవల్దార్ చెప్పాక నిజంగానే ఆగి, ఏమైనా అడుగుతావా అన్నారు. వాడు లేదు సాబ్, నేను తాగాను అన్నాడు. సెక్షన్ 80 కింద సీఓ 28 రోజుల దాకా మిలిటరీ కస్టడీలో జైలు వెయ్యొచ్చు, లేదా డిటెన్షన్, లైన్లకి పరిమితం చెయ్యడం, ఎక్స్‌ట్రా డ్యూటీలు, 14 రోజుల జీతం దాకా ఫైన్, ఇలా చాలా ఉన్నాయి. ఆయన 14 రోజులు రిగరస్ (కఠిన జైలు) వేశారు. ఆ రోజులకి జీతం ఉండదు, షీట్ రోల్‌లో రెడ్ ఇంక్ ఎంట్రీ (పెద్ద శిక్షని ఎర్ర సిరాతో రాసేది) పడింది.

రెడ్ ఇంక్ అనగానే వాడు వణికిపోయాడు, నాలుగు పడితే ఇంటికే కదా సాబ్ అని. అది కూడా పూర్తిగా నిజం కాదు, నాలుగు ఎంట్రీలు పడినంత మాత్రాన కళ్ళు మూసుకుని డిశ్చార్జ్ చెయ్యడానికి లేదు, విచారణ జరగాలి, ఎంత సర్వీస్ చేశాడు, ఎలాంటి చోట్ల చేశాడు చూడాలి అని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. నీకు పడింది ఒకటి, దాన్ని ఒకటిగానే ఉంచుకో అన్నాను.

ఆ 14 రోజులూ నేను రోజుకొకసారి క్వార్టర్ గార్డ్‌కి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి, తిండి సరిగ్గా పెడుతున్నారా, ఎవడైనా చెయ్యి చేసుకున్నాడా అని. ఈలోపు రెండో ఫైల్ కదిలింది. సీఓ సాబ్ సంతకంతో వాళ్ళ జిల్లా కలెక్టర్‌కి, ఎస్పీకి లెటర్లు వెళ్ళాయి, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి కాపీ. ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్ అని 1925 నాటి చట్టం ఒకటుంది, యుద్ధ పరిస్థితుల్లోనో చట్టం చెప్పిన స్పెషల్ కండిషన్లలోనో సర్వీస్ చేస్తున్న సైనికుడి మీద వాడు లేకుండా సివిల్ కేసు నడిచిపోకుండా కాపాడుతుంది. వాడి కేసుకి అది వర్తిస్తుందో లేదో లాయర్ చూసుకోవాలని చెప్పి, వాడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలిపే సర్టిఫికెట్ మాత్రం యూనిట్ ఇచ్చింది.

శిక్ష అయిపోయాక కంపెనీలో అందరి ముందూ కమాండర్ సాబ్ ఒక్క మాట అన్నారు, వీడి లెక్క తీరిపోయింది, ఇక దీని గురించి ఎవరైనా ఎగతాళి చేస్తే నా దగ్గర నిలబడాలి అని. ఎక్సర్‌సైజ్ అయ్యాక లీవ్ ఇచ్చారు, తిరిగి టైమ్‌కే వచ్చాడు. మందు విషయంలో డాక్టర్ సాబ్ దగ్గరికి కొన్నాళ్ళు పంపాం, కొన్ని నెలలు వాణ్ణి ఆయుధం లేని డ్యూటీల్లోనే ఉంచాం. ఆటో ఆయన కోర్టుకి వెళ్ళలేదు. పొలం దావా మాత్రం నేను రిటైర్ అయ్యేనాటికి ఇంకా వాయిదాల్లోనే ఉంది, వాడు వాయిదా పడినప్పుడల్లా ఫోన్ చేసి చెప్తాడు, పోయిన నెల కోర్టు పంపిన కమిషనర్ వచ్చి సరిహద్దులు కొలుచుకుని వెళ్ళాడంట.