కాలి బొటనవేలికి రెండో ఉద్యోగం

బుధవారం, రాత్రి.

ఇవాళ్టి పనంతా కాలి బొటనవేలి కిందే. చేతికి తగిలించుకునే అదనపు రోబో వేలిని కాలితో నడపాలని నా ప్రయత్నం. ఇదేమీ కొత్త కాదు. డిజైనర్ డానీ క్లోడ్ 2017లో లండన్‌లో రూపొందించిన థర్డ్ థంబ్ (మూడో బొటనవేలు) అలాగే నడుస్తుంది: కుడి కాలివేలు నొక్కితే అరచేతికి అడ్డంగా కదులుతుంది, ఎడమది నొక్కితే చేతివేళ్ల వైపు లేస్తుంది.

ముందు సెన్సర్ సంగతి. కాలివేలి కింద పెట్టే ఎఫ్ఎస్ఆర్ 402, ఒత్తిడిని కొలిచే పలచటి బిళ్ళ, నొక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును వోల్టేజీగా చదవడానికి సెన్సర్‌కు జతగా అందరూ అలవాటుగా పెట్టే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఇక్కడ పనికిరాదు. వేలు గట్టిగా మోపితే సెన్సర్ 1 కిలో ఓమ్‌కి పడిపోయిందనుకోండి, 3.3 వోల్టుల సప్లైలో 3.0 వోల్టుల రీడింగు వచ్చేస్తుంది, ఆపై ఎంత నొక్కినా పెద్ద తేడా ఉండదు. 3.3 కిలో ఓమ్‌లు పెడితే అదే నొక్కుకు 2.5. సెన్సర్ మీద 10 మి.మీ. రబ్బరు బిళ్ళ అతికిస్తే బరువు మధ్యలోనే పడుతుంది. పిన్నులకు సోల్డరింగ్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. నొక్కి బిగించే క్రింప్ కనెక్టరే మేలు.

రీడింగుల వణుకు తగ్గించడానికి పాతవాటితో కలిపి సగటు తీస్తున్నాను. సెకనుకు 100 రీడింగులు, కొత్తదానికి 20 శాతం విలువ: సుమారు 45 మిల్లీసెకన్ల ఆలస్యం, పర్వాలేదు. వణుకు ఇంకా తగ్గాలని 5 శాతానికి దించితే 200 దాకా పోతుంది. ఈలోగా గ్లాసు జారిపోతుంది.

అసలు తలనొప్పి నడక. అడుగు ఎత్తే ముందు ఒళ్ళంతా బొటనవేలి మీదికే వస్తుంది, రోబో వేలు దాన్ని ఆజ్ఞ అనుకుంటుంది. నొక్కుడు పరిమితి ఎంత పెంచినా లాభం లేదు, నడక బరువు ఎప్పుడూ దాన్ని మించుతుంది. మడమ కింద ఇంకో సెన్సర్ పెడితే తేలిపోతుంది: మడమ నేల మీద ఉండగా వేలు నొక్కితే ఆజ్ఞ, మడమ లేస్తే నడక. మడమ లేచినప్పుడు రోబో వేలు ఉన్నచోటే ఆగాలి, పట్టు వదిలేయకూడదు. లేకపోతే మునివేళ్ల మీద లేచి అటక మీది డబ్బా అందుకునేవాళ్ల గతి ఏం కాను? కూర్చున్నప్పుడు మడమ బరువు బాగా తగ్గుతుంది కాబట్టి ఆ కొలత వేరుగా తీసుకోవాలి.

బూటు అట్టలో సెన్సర్ పెట్టే డిజైన్లు మన ఇళ్ళకు కుదరవు. చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, పనేమో వంటింట్లో. వేలికి, మడమకు పట్టీలే దారి. పోనీ నీళ్ళు తగలకుండా సెన్సర్‌ను పూర్తిగా మూసేద్దామంటే, దాని తోకలో (బిళ్ళ నుంచి పిన్నుల దాకా ఉండే సన్నటి పట్టీలో) గాలి పోయే సందు ఉంటుంది. అది మూస్తే లోపలి గాలి చిక్కుకుని రీడింగు తప్పుతుంది. రేపు సిలికాన్ తొడుగు వేసి, తోక చివర తెరిచి పాదం పైకి తిప్పి, తడి గచ్చు మీద చూడాలి.