పోయిందనుకున్న షుగర్

రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది. బిడ్డ పుట్టాక రీడింగులు మామూలుకొచ్చాయి. "గర్భంతో వచ్చింది, గర్భంతోనే పోయిందమ్మా, ఇక భయం లేదు" అని చెప్పి ఇంటికి పంపారు. ఆ మాట మీదే ఏళ్లు గడిచిపోయాయి.

అప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లికి ప్రసవమయ్యాక 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ నీళ్లు తాగించి ఒక పరీక్ష చేయాలి. అందులో అంతా బాగున్నా, ఆ తర్వాత కూడా జీవితాంతం కనీసం 3 ఏళ్లకోసారి చూసుకుంటూ ఉండాలి. అలాంటి ఆడవాళ్లకు ముందుముందు టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. ఈ రెండు ముక్కలూ డిశ్చార్జ్ కాగితం మీద రాసిస్తే సరిపోయేది. నా కాగితం మీద లేవు. అందుకు నాకు ఇప్పటికీ కోపంగానే ఉంటుంది.

మొదట తేడా కనిపెట్టింది మా చెల్లెలు. జడ వేస్తూ, "అక్కా, మెడ వెనక ఈ నలుపేంటి?" అంది. మడతల్లో చర్మం కాస్త మందంగా, ముట్టుకుంటే మెత్తగా, నల్లగా ఉంది. ఎంత రుద్దినా పోలేదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, దాని మోతాదు పెరిగిపోయినప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం అలా మారుతుందని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం తిన్నాక కళ్లు మూసుకుపోయేంత మగతగా ఉండేది. కూర్చుని చేసే ఉద్యోగం, రాత్రి పొద్దుపోయాక భోజనం. నిద్ర చాలకే ఈ అలసట అని మా ఇంట్లో అందరం అనుకున్నాం.

చెల్లెలే పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. పరగడుపు షుగర్ 118, హెచ్‌బిఎ1సి, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే రక్తపరీక్ష 6.2, బీపీ 146/92 ఉన్నాయి. హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు దశ. 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్. నేను గట్టు మీద నిలబడి ఉన్నానన్నమాట. కాలేయం ఎంజైమ్ కూడా కాస్త ఎక్కువగా ఉండేసరికి స్కానింగ్ రాశారు.

స్కానింగ్ చేస్తూ డాక్టర్ గారు తెర నా వైపు తిప్పారు. కాలేయం, కుడి కిడ్నీ పక్కపక్కన కనిపిస్తున్నాయి. "మామూలుగా ఈ రెండింటి రంగూ దాదాపు ఒకేలా ఉండాలమ్మా. మీ కాలేయం ఎంత తెల్లగా ఉందో చూడండి. అదంతా కొవ్వే" అన్నారు. కుడిపక్క నాకెప్పుడూ నొప్పి లేదు. చాలామందికి కాలేయంలో కొవ్వు చేరినా ఏమీ తెలియదట. నేను మద్యం ముట్టను. అయినా చేరింది. వాడుకోగా మిగిలిన చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. అలా కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. షుగర్, ఫ్యాటీ లివర్ జంటగా కనిపించడానికి ఇదొక కారణం.

షుగర్ మాత్రలు వేసుకోవాలా అని అడిగాను. బీపీకి మాత్రం మాత్ర రాసి, షుగర్‌కి 6 నెలలు చూద్దామన్నారు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పారు. 2002లో దాని ఫలితాలు వచ్చాయి. నాలాగా గట్టు మీదున్న మూడు వేల మందికి పైగా అందులో ఉన్నారు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అనే లక్ష్యాలు పెట్టుకున్నవాళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతం. నా 74 కిలోల్లో 7 శాతమంటే 5 కిలోల పైచిలుకు. ఆ లెక్క వినగానే సగం టెన్షన్ పోయింది. 5 కిలోలు తగ్గడం మనిషి చేయగలిగిన పనే కదా.

తిండి మానమని ఆవిడ అనలేదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పుధాన్యాలో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతు ధాన్యం ఉండాలన్నారు. అదీ వీలైనంత వరకు పొట్టు తీయనిది. అంతకు ముందు నా పళ్లెంలో ధాన్యమే ముప్పావు వంతు ఉండేది. వరస కూడా మార్చమన్నారు. ముందు కూరగాయలు, పప్పు తిని, ధాన్యం చివర్లో తింటే షుగర్ అంత వేగంగా ఎగబాకదు. మొదట్లో చప్పగా, వింతగా అనిపించింది. తర్వాత అదే అలవాటైంది. పండ్ల రసం మానేసి పండునే కొరికి తింటున్నాను. రసం తీసేటప్పుడు పీచు చాలావరకు పోయి తీపి నీళ్లే మిగులుతాయి. కలుపుకునే చక్కెర, రసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బా ఒక్కదానిలోనే దాదాపు 35 గ్రాములుంటుంది. మా ఇంట్లోకి అది రావడం ఆగిపోయింది. పిల్లలు కొన్నాళ్లు అలిగారు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నడక. వేలికి సూది గుచ్చి చూసే మిషన్ తెచ్చుకున్నాను. ఒకే రకం భోజనం, ఒకే కొలత. ఒకరోజు తిని కుర్చీలో కూర్చుండిపోయి గంట తర్వాత చూస్తే 176. మర్నాడు తిన్న వెంటనే పావుగంట నడిచి, గంటకు చూస్తే 139. మిషన్ తప్పు చూపిస్తోందేమో అని మా ఆయన అనుమానపడి, ఇంకో రోజు పక్కనే ఉండి చూశారు. కొంచెం అటూ ఇటూగా అంతే తేడా వచ్చింది. కండరం కదిలేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట విననివాళ్లకు ఇంతకన్నా పెద్ద సాయం ఏముంటుంది? ఆ రోజు నుంచి రాత్రి భోజనం ముందుకు జరిపి, అవగానే ఇద్దరం నడుస్తున్నాం. వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం కూడా చేస్తున్నాను. తొడ కండరాలు ఒంట్లోని పెద్ద కండరాల్లోవి, గ్లూకోజ్‌ను ఎక్కువగా దాచుకునేవీ అలాంటివే.

ఈలోగా సలహాలు వచ్చిపడ్డాయి. పరగడుపున తాగే పొడులు, కాలేయాన్ని కడిగేసే కషాయాలు, కొవ్వు కరిగించే గ్రీన్ టీ మాత్రలు. అన్నీ "సహజమైనవే" అన్నారు. కాలేయాన్ని కడగడమనేదే లేదు, కడిగే పని చేసేదే కాలేయం. గ్రీన్ టీని గాఢంగా చేసి అమ్మే మాత్రల వల్ల కొందరి కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. ఆకు నుంచి వచ్చిందైనా ఒంట్లోకి వెళ్లాక అది మందే. ప్రేమతో చెప్పినవాళ్ల మనసు నొప్పించకుండా వద్దన్నాను.

బరువు మొదట కొంచెం తగ్గి ఆగిపోయింది. ఆ రోజుల్లో ధైర్యమిచ్చింది టేపు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపు ఉండాలంటారు. కిలోలు కదలకపోయినా నడుము తగ్గుతూ వచ్చింది. లోపలి కొవ్వు కరుగుతోందనడానికి అది మంచి గుర్తు. నిద్రకీ ఒక వేళ పెట్టుకున్నాను. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి ఎక్కువగా ఉండటం నాకే తెలిసేది.

హెచ్‌బిఎ1సి కొలిచేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను, ఒక్కో కణం బతికేది దాదాపు 120 రోజులు. అందుకే హెచ్‌బిఎ1సి మారిందో లేదో తెలియాలంటే 3 నెలలైనా ఆగాలి. మొదటిసారి 5.9, తర్వాత 5.6. స్కానింగ్‌లో కాలేయం, కిడ్నీ దాదాపు ఒకే రంగులోకి వచ్చాయి. మెడ మీది నలుపు కూడా మెల్లగా పలచబడింది.

బీపీ మాత్ర మాత్రం పోలేదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపుకి తెచ్చాక డోసు తగ్గించారు కానీ మానమనలేదు. మా నాన్నకూ, మేనత్తకూ బీపీ ఉంది. కొంత వంశం నుంచి వచ్చింది, దానికి మందే దారి అన్నారు డాక్టర్ గారు. వేసుకుంటున్నాను. షుగర్ పరీక్ష ఇక ఏడాదికోసారి, నడుము కొలత మళ్లీ పెరిగితే మాత్రం అంతకన్నా ముందే రమ్మన్నారు.