ఆటోరూటర్‌కి ఇచ్చే ముందు చేత్తో వేయాల్సిన ట్రాకులు

తిరుపతి చుట్టుపక్కల కాలేజీల నుంచి ప్రాజెక్టు బోర్డు పట్టుకొచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఒకటే. "అన్నా, ఆటోరూట్ కొడితే అయిపోదా?" అని. అయిపోతుంది. పార్టుల్ని కలిపే రాగి గీతలు, అంటే ట్రాకులు, కంప్యూటరే వేసేస్తుంది, ఇంకా ఏవి కలపాలో చూపించే తెల్ల గీతలన్నీ మాయమైపోతాయి, కలపాల్సినవి ఇంకేం లేవు అని చూపిస్తుంది, డీఆర్‌సీ (డిజైన్ రూల్స్ తనిఖీ) కూడా పాస్ అవుతుంది. కానీ ఏ ట్రాకులో ఎంత కరెంటు పోతుందో, పోయిన కరెంటు ఏ దారిన వెనక్కి వస్తుందో ఆ ప్రోగ్రాంకి మనం చెప్పలేదు, అదీ అడగలేదు. రిలేకి పోయే ట్రాకైనా ఎల్ఈడీకి పోయే ట్రాకైనా దానికి ఒకటే.

నేను ఎక్కువగా వేసేది బోరు మోటరు స్టార్టర్లలో పెట్టే బోర్డులు. చిత్తూరు వైపు వీటికి గిరాకీ ఎందుకో చెప్పక్కర్లేదు. పొలానికి త్రీఫేజ్ కరెంటు ఉండేది కొన్ని గంటలే, అది వచ్చినప్పుడు రైతు ఇంట్లోనో సంతలోనో ఉంటాడు, ఫోన్ నుంచే మోటరు వేసుకోవాలి, ఒక ఫేజు పోతే దానంతటదే ఆగాలి, బోర్లో నీళ్ళు అయిపోతే ఆగాలి. ఒక చిన్న ప్రాసెసర్, ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపే జీఎస్ఎం మాడ్యూల్, రెండు రిలేలు, పవర్ సప్లై, మోటరు కరెంటు చూడటానికి ఒక సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్), అంతే సరంజామా. కాలేజీ ప్రాజెక్టు కంటే పెద్ద సర్క్యూటేం కాదు.

ఆ మధ్య ఒకాయన వేరే చోట చేయించుకున్న బోర్డు తెచ్చాడు. టౌన్లో పెడితే బ్రహ్మాండంగా నడుస్తుంది. పలమనేరు దాటి అడవి పక్క పొలంలో పెడితే, కాల్ రాగానే బోర్డు రీసెట్ అవుతుంది. సిమ్ మార్చారు, యాంటెన్నా మార్చారు, ప్రోగ్రాం రాసిన పిల్లోడిని తిట్టారు. పాపం వాడి తప్పేం లేదు. టవరు దూరంగా ఉంటే 2జీ మాడ్యూల్ ఫుల్ పవర్‌తో అరవాలి, అలా అరిచినప్పుడు అర మిల్లీసెకను పాటు దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, ఇది సెకనుకి 217 సార్లు జరుగుతుంది. మీటరు పెట్టి చూస్తే సగటు చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది.

బోర్డు తిప్పి చూస్తే ఆ మాడ్యూల్‌కి పోయే పవర్ ట్రాకు 0.25 మిల్లీమీటర్ల వెడల్పుతో, బోర్డు అంచు చుట్టూ తిరిగి, సుమారు 10 సెంటీమీటర్లు పోయింది. మామూలుగా మనం చేయించే బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో రాగిని చదరపు ముక్కలుగా ఊహించుకుంటే, ముక్క ఎంత సైజైనా సరే ఒక్కోటి అర మిల్లీ ఓము. 0.25 వెడల్పు, 100 పొడవు అంటే 400 ముక్కలు, 0.2 ఓములు. 2 ఆంపియర్లకి 0.4 వోల్టు అక్కడే తినేస్తుంది. గ్రౌండు (కరెంటు తిరిగొచ్చే దారి) కూడా అంతే సన్నగా వెనక్కి వచ్చిందనుకోండి, ఇంకో 0.4. నాలుగు వోల్టులు ఇస్తే మాడ్యూల్‌కి అందేది 3.2, దానికి కనీసం 3.4 కావాలి. అదే ట్రాకు 2 మిల్లీమీటర్లు ఉంటే 50 ముక్కలే, పోయేది 0.05 వోల్టు. ఈ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

అందుకే నా పద్ధతి ఏమంటే, కలపాల్సిన వాటిలో ముఖ్యమైన ఓ పది పన్నెండు ట్రాకుల్ని ముందు చేత్తో వేసేస్తా, మిగతావి ఎవరు వేసినా నాకు పట్టింపు లేదు. పవర్ సప్లైలో స్విచింగ్ ఐసీ, దాని ఇన్‌పుట్ కెపాసిటర్, డయోడు కలిసి చేసే చుట్టు మొట్టమొదటిది. ఆ చుట్టు ఎంత చిన్నగా ఉంటే బోర్డు అంత ప్రశాంతంగా ఉంటుంది. బయటికొచ్చే వోల్టేజీ ఎంతో ఐసీకి చెప్పే ఫీడ్‌బ్యాక్ ట్రాకుని కాయిల్ కింద నుంచి తీసుకెళ్ళను. తర్వాత మాడ్యూల్ పవర్, దాని పిన్ను పక్కనే పెద్ద కెపాసిటర్. తర్వాత ప్రాసెసర్‌కి క్లాక్ ఇచ్చే క్రిస్టల్, ప్రాసెసర్ పవర్ పిన్నుల దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్లు. చివరికి సీటీ నుంచి ఏడీసీకి (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగానికి) వచ్చే ట్రాకు.

ఆ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 12 బిట్ల ఏడీసీకి 3.3 వోల్టులు ఇస్తే ఒక్కో మెట్టు 0.8 మిల్లీవోల్టులు. మాడ్యూల్ వెనక్కి పంపే 2 ఆంపియర్లు సీటీ గ్రౌండు మీదుగా పోయి, ఆ దారిలో 10 మిల్లీ ఓములు ఉన్నాయంటే 20 మిల్లీవోల్టులు, అంటే రీడింగు పాతిక మెట్లు అటూ ఇటూ ఊగుతుంది. బోర్లో నీళ్ళున్నా లేవనుకుని మోటరు ఆపేస్తుంది. రైతు వచ్చి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, అప్పుడు మన మీద నమ్మకం పోతుంది. సర్క్యూట్ డయాగ్రంలో ఈ రెండు గ్రౌండులకీ ఒకటే గుర్తు, ఒకటే పేరు, తేడా కనపడేది బోర్డు మీదే.

రెండు లేయర్ల బోర్డయితే కింది లేయర్ మొత్తం గ్రౌండుకి వదిలేయడం నాకు అలవాటు. కింద వేసే ప్రతి ట్రాకూ గ్రౌండుని కోసినట్టే. తప్పనిసరైతే వయా (రెండు లేయర్లనీ కలిపే రంధ్రం) వేసి కిందికి దిగి, ఒక ట్రాకు దాటి, వెంటనే పైకి వచ్చేయాలి. ఆటోరూటర్ సాధారణంగా పైన అడ్డంగా, కింద నిలువుగా వేసుకుంటూ పోతుంది, కనెక్షన్లు పూర్తవడానికి అది మంచి ఎత్తే, కానీ తర్వాత మిగిలిన చోటంతా గ్రౌండు రాగి పోస్తే ముక్కలు ముక్కలుగా మిగులుతుంది.

బోర్డులు గీయడానికి నేను వాడేది కైక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, తర్వాత సెర్న్ (యూరప్ అణు పరిశోధన సంస్థ) వాళ్ళు చెయ్యి వేశాక దీనికి పుష్ అండ్ షవ్ రూటర్ వచ్చింది. ట్రాకు లాగుతుంటే అడ్డం వచ్చిన ట్రాకుల్ని అదే పక్కకి నెట్టేస్తుంది. మొదటిసారి చూసినోళ్ళకి మాయలా ఉంటుంది, సందేహం లేదు. కానీ కొత్తవాళ్ళు దాన్ని ఆపకుండా వాడతారు, నెట్టి నెట్టి చివరికి బోర్డంతా మెలికల ముగ్గు మాదిరి తయారవుతుంది, ఇందాక జాగ్రత్తగా వేసిన ఫీడ్‌బ్యాక్ ట్రాకు కాయిల్ కిందికి జరిగిపోయినా గమనించరు. నేను మొదట్లో వాక్ అరౌండ్ మోడ్‌లోనే పెడతా, అది ఉన్నవాటిని కదపకుండా చుట్టు తిరుగుతుంది. దారి దొరక్కపోతే అది నాకు ఒక కబురు, పార్టు పెట్టిన చోటు బాగాలేదని. ఎక్స్ కొట్టి లాగడం, వి కొట్టి వయా, స్లాష్‌తో మలుపు దిశ మార్చడం, డబ్ల్యూతో వెడల్పు మార్చడం, డి పట్టి జరపడం, ఈ ఐదు కీలు వేళ్ళకి పడితే చాలు, మెనూల జోలికి పోనక్కర్లేదు.

నిజానికి రూటింగ్‌లో ఎక్కువ పని రూటింగ్ మొదలుపెట్టక ముందే జరుగుతుంది. తెల్ల గీతలు ఎక్కువగా ఒకదాన్నొకటి దాటుతున్నాయంటే ఐసీని తిప్పి చూడాలి. తిప్పినా కుదరకపోతే సర్క్యూట్ డయాగ్రంకి వెనక్కి పోయి పిన్నులే మార్చేయొచ్చు, ఇది మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పరెందుకో. ఈఎస్‌పీ32 లాంటి చిప్‌లో చాలా సిగ్నళ్ళని దాదాపు ఏ పిన్నుకైనా ప్రోగ్రాంలో మళ్ళించుకోవచ్చు. రిలే 25వ పిన్ను మీద ఉందా 26 మీద ఉందా అని రిలే అడగదు. రెండు పిన్నులు అటూ ఇటూ మార్చి, ఆ మార్పు బోర్డుకి చేరేలా ఎఫ్8 కొడితే, నాలుగు వయాలు పెట్టాల్సిన చోట తిన్నగా గీత వస్తుంది. ప్రోగ్రాం రాసేవాడికి ముందే చెప్పండి, లేకపోతే గొడవ.

90 డిగ్రీల మలుపు పెడితే కరెంటు మూలలో బయటికి దూకేస్తుందని భయపెట్టే లెక్చరర్లు ఇంకా ఉన్నారు. మన స్టార్టర్ బోర్డుల స్పీడుల్లో ఏమీ కాదు. 45 డిగ్రీలు పెట్టండి, చూడ్డానికి బాగుంటుంది, చోటు కలిసొస్తుంది.

టెన్షన్ పడాల్సింది మెయిన్స్ (లైను కరెంటు) వైపు దూరం గురించి. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు ఉండే బోర్డు ఇది, పైగా అది ఉండేది పొలంలో రేకు పెట్టెలో. దుమ్ము, మంచు, చీమలు, బల్లులు, అన్నీ అందులోనే కాపురం. మెయిన్స్ వైపుకీ ప్రాసెసర్ వైపుకీ మధ్య నేను 8 మిల్లీమీటర్లు వదులుతా, రిలే కాళ్ళ మధ్య చోటు చాలకపోతే బోర్డులో గాడి కోయిస్తా, కింది గ్రౌండుని ఆ దరిదాపులకి రానివ్వను. నెట్ క్లాసులో (ఒక రకం ట్రాకులన్నిటికీ కలిపి పెట్టే సెట్టింగులో) క్లియరెన్స్ 8 అని రాసి ఊరుకుంటే రిలే సొంత కాళ్ళే ఒకదానికొకటి ఎర్రర్ చూపిస్తాయి, జనం విసుగొచ్చి ఆ ఎర్రర్లన్నీ ఇగ్నోర్ కొట్టేస్తారు, వాటితో పాటు అసలైనది కూడా పోతుంది. దానికి బదులు కస్టమ్ రూల్ రాయండి, ఒకటి మెయిన్స్ క్లాసు, రెండోది కాదు అన్నప్పుడే 8 మిల్లీమీటర్లు అని. మెయిన్స్ ట్రాకుల మధ్య ఎంత ఉండాలో వేరే రూలు.

ఇవన్నీ అయ్యాక బటన్లు, ఎల్ఈడీలు, డిస్‌ప్లే తీగలు మిగులుతాయి. వాటిని ఫ్రీరూటింగ్ అనే ఆటోరూటర్‌కి ఇచ్చేయండి, నేనూ ఇస్తా. తిరిగొచ్చాక మాత్రం కింది లేయర్ ఒక్కటే ఆన్ చేసి, గ్రౌండు ఎక్కడెక్కడ తెగిందో చూసి, తెగిన చోట ఆ ఒక్క ట్రాకుని తీసేసి మళ్ళీ చేత్తో వేయండి.