పేట సరాఫాలో ఇరవై ఏడు గుండ్లు

ఆరాంఘర్ చౌరస్తాలో నారాయణపేట ఎక్స్‌ప్రెస్ ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద దస్తీలు పడ్డాయి. నా దస్తీ వేయడానికి లేదు. అందులో మా అమ్మమ్మ బంగారు గుండ్ల దండ మూటగట్టి ఉంది. దాంతో షాద్‌నగర్ దాకా నిలబడే పోయాను.

2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ళకు టికెట్టు జీరో. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్ళది. కండక్టరుకు ఆధార్ చూపిద్దామని బ్యాగులో చెయ్యి పెడితే ముందు దస్తీ మూట పైకొచ్చింది, కార్డు తర్వాత వచ్చింది. పక్కనున్న నలుగురూ చూడనే చూశారు. జడ్చర్ల దాకా బ్యాగును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు అదుముకునే ఉన్నాను.

మా పాప డిగ్రీ అయిపోతే గొలుసు కొనిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. ఆ మాట ఇచ్చినప్పుడు తులం ధర వేరు. ఇప్పుడు తులం లక్ష దాటింది, నా జీతం ఎక్కడున్నది అక్కడే ఉంది. బీరువాలో ఊరికే పడున్న గుండ్లు మార్చి గొలుసు తెచ్చుకుంటే పోలా అనిపించింది. "మార్చేదుంటే పేటకే పో, యాడబడితే ఆడ ఇయ్యకు" అని అమ్మ ఒకటే మాట. పేటంటే నారాయణపేట. పేట బంగారం అంటే మా పాలమూరు వాళ్ళకు అదో నమ్మకం.

మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. అక్కడే ఒక అవ్వ ఎక్కి, నన్ను అడక్కుండానే కిటికీ వైపు జరిపి కూర్చుంది. కాళ్ళకు వెండి కడియాలు. ఒక్కోటి పదిహేను తులాలకు తక్కువుండదు. కడియం కొసలకు సింహం తలకాయలు ఉండాలి. అరిగీ అరిగీ పిల్లి తలకాయలంత మిగిలాయి. బయటి వైపు అద్దంలా నున్నగా అయిపోయింది, మడమ వైపు మాత్రం గీతలు ఇంకా నిన్న చెక్కినట్టే ఉన్నాయి.

"యాడికి బిడ్డా?"

"పేటకు అవ్వా."

"బ్యాగుల ఏందది? అంత గట్టిగ పట్టుకున్నవ్."

ఎందుకు విప్పానో నాకే తెలియదు. నలుగురు చూస్తేనే భయపడినదాన్ని, ఆవిడ అడగ్గానే దస్తీ ముడి విప్పి ఒళ్ళో పెట్టాను. అవ్వ ఒక గుండును బొటనవేలితో నొక్కి చూసింది.

"లక్క గుండ్లు! నాకూ ఉండె. బోరు బండికి వోయినయ్."

"నీళ్ళు పడ్డయా మరి?"

"యాడ పడె! దుబ్బ లేసింది."

ఇద్దరం నవ్వుకున్నాం. మరి కడియాలెందుకు అమ్మలేదంటే, "అవి రానిస్తే గద అమ్మేది! పెండ్లప్పుడు నా కాళ్ళు కట్టెపుల్లలు. ఇప్పుడు సబ్బు రాసినా రావు" అంది. వయసులో ఉన్నప్పుడు బొంబాయి పనికి పోయే ముందు ఏటా వాటిని కుదువ పెట్టి, తిరిగొచ్చాక విడిపించుకునేదట. ఒక ఏడు వడ్డీ పెరిగిపోయి ఆరు నెలలు ఆలస్యమైంది. "ఆ ఆర్నెల్లు నడుస్తుంటే కాలు గాల్లకు లేసినట్టుండె బిడ్డా" అని పాదం ఎత్తి చూపించింది. దేవరకద్ర ఎప్పుడు దాటామో చూడలేదు. మరికల్‌లో దిగుతూ, "కరగబెట్టకు" అనలేదు, "కరగబెట్టు" అనీ అనలేదు. "మంచిగ జోకిపిచ్చుకో, సేట్లు బో ఉషారుంటరు" అని మాత్రం చెప్పింది.

ఆవిడ దిగాక గుండ్లు మళ్ళీ మూటగట్టబుద్ధి కాలేదు. అమ్మమ్మ పెండ్లి 1963 ఎండాకాలంలో అయింది. ఆ జనవరిలోనే మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా బంగారం మీద నియంత్రణ తెచ్చారు. కొత్తగా చేసే నగ ఏదైనా 14 క్యారెట్లకు మించకూడదు. అంటే నూటికి యాభై ఎనిమిది పాళ్ళే బంగారం. ఊళ్ళో నగలు చేసే ఔసలాయన నెత్తి పట్టుకున్నాడట. పద్నాలుగు క్యారెట్లది గట్టిపడుతుంది, రేకు సాగదు. గుండంటే పలచటి రేకును అచ్చులో కొట్టి రెండు చిప్పలు చేయాలి, చిప్పలు రెండూ టాంకా (అతుకు లోహం) పెట్టి అతకాలి, సందులోంచి లక్క నింపాలి. సాగని రేకుతో ఆ పని అయ్యేది కాదు.

చివరికి తాతమ్మ మెడలోని పాత కంటెను విరగ్గొట్టి, దొడ్డి తలుపుకు గడియ పెట్టి, రాత్రిపూట కుంపటి రాజేసి చేశాడట. వెలుగు బయటికి పోకుండా తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కారట. అమ్మమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ గోనెపట్టా కాడికి వచ్చేసరికి గొంతు తగ్గించేది. బంగారం నియంత్రణ చట్టాన్నే 1990లో ఎత్తేశారు, అయినా తగ్గించేది! ఆ గుండ్ల మీద పేరూ లేదు, ముద్రా లేదు. చాటుగా చేసిన నగ మీద ఎవరు ముద్ర కొడతారు?

పేటలో దిగి ముందు ఉగ్గాని, మిర్చి తిన్నాను. నలభై రూపాయలు. మిర్చి నా చిటికెన వేలంత లేదు. ఆకలి మీద ఏమీ అనలేదు గానీ, చిన్నప్పుడు ఇదే ఊళ్ళో ఒక మిర్చితో కడుపు నిండేదని మాత్రం గట్టిగా గుర్తొచ్చింది.

సరాఫాలో, అంటే బంగారు దుకాణాల బజారులో, ఏ దుకాణానికి పోయానో చెప్పను. సేఠు ఫోన్లో మరాఠీ, పక్క గిరాకీతో కన్నడం, పనిపిల్లగాడితో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడుతున్నాడు. నాలుగూ తడుముకోకుండా. ఆ సంబరంలో ఉండగానే దండ చేతికిచ్చాను. బంగారం ఎంత మేలిమో చూపించే మిషన్లో పెట్టి చూశాడు. "పైపైన ఇరవై రెండు కాడికి చూపిస్తుందమ్మా. మిషన్ పైదే చూస్తది. టాంకా కలిస్తే టచ్ తగ్గుతది, లక్క పోతే బరువు పోతది. కరిగిస్తెనే లెక్క." న్యాయంగానే చెప్పాడు. ఇప్పటి నగ మీదైతే ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరు ఉంటుంది, ఫోన్లో కొడితే జాతకమంతా వస్తుంది. దీనికి ఏముంది? గోనెపట్టా కథ ఉంది.

అంతలో కత్తెర తీసి, అడగకుండా, దండ దారం పుటుక్కున తెంపేశాడు. దారం లేకుండా జోకాలట. పసుపూ చెమటా పట్టి నల్లగా బిరుసెక్కిన దారం అది. గుండ్లు స్టీలు ప్లేట్లో టపటపా రాలాయి. నోట మాట రాలేదు నాకు. లెక్కపెడితే ఇరవై ఆరే ఉన్నాయి. ఇరవై ఏడుండాలి. సేఠు ముఖం మాడింది, నాది అంతకన్నా మాడింది. పనిపిల్లగాడు పరుపు దులిపాడు, తక్కెడ ఎత్తాడు, నా చెప్పులు కూడా తిరగేశాడు. పరుపు మీది తెల్ల దుప్పటి మడతలో దొరికింది చివరికి. "ఇట్లాంటివి రోజూ వస్తయమ్మా, అన్నీ కరిగేవే" అన్నాడు సేఠు నన్ను ఓదార్చినట్టు. ఇరవై ఏడూ దస్తీలో పోసుకుని లేచాను. కోపంతో లేచానో, మనసొప్పక లేచానో నాకే తెలియదు. కోపమే ఎక్కువనుకుంటా.

నాలుగు దుకాణాల అవతల అరుగు మీద ఒక పెద్దాయన దారాలు గుచ్చుతున్నాడు. నూటయాభై అడిగాడు. దారానికి నూటయాభై ఏంటని వంద దగ్గర బేరం పెడితే, తల కూడా ఎత్తలేదు. సరేనని కూర్చున్నాను.

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. శని, ఆదివారాలు ఎస్టేట్ సేల్ అని తిరుగుతుంటుంది. పోయినవాళ్ళ ఇంట్లో సామానుకు ధర చీటీలు కట్టి అమ్మేస్తారక్కడ. ఒకసారి 1950ల నాటి ట్రిఫారి కంపెనీ బ్రోచీ, అంటే బట్టలకు పెట్టుకునే పిన్ను అని ఫొటో పంపింది. వెనక టీ అక్షరం మీద చిన్న కిరీటం ముద్ర ఉంది. బంగారం కాదు, వట్టి పూత. చచ్చిపోయినావిడ పిన్ను నువ్వెట్లా పెట్టుకుంటావే అని నవ్వాను. కరిగిస్తే టీ ఖర్చు కూడా రాని వస్తువును, ఆ ముద్రకూ ఆ పనితనానికీ ఎగబడి కొంటారట. పూతకు అక్కడ అంత మర్యాద. ఇక్కడ మేలిమిని తుక్కులో వేసి జోకుతున్నాం. మనకూ తెలియక కాదులెండి. నిజాం నగలు 173 ఉంటే, 1995లో కేంద్రం 218 కోట్లిచ్చి కొంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు నేనూ లైన్లో నిలబడి చూశాను. లక్క తీసేస్తే ఎంత మిగులుతుందని అక్కడ ఎవరూ అడగలేదు.

పెద్దాయన గుండ్లన్నీ గుడ్డ మీద పోసి, ఒక్కోటి పట్టుకుని రంధ్రం పక్కన చూస్తున్నాడు. ఏం చూస్తున్నారని అడిగితే నా చేతిలో రెండు పెట్టాడు. అరవై ఏళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని రంధ్రం చుట్టూ చదునుగా అరిగాయి. ఒకదానిది కొంచెం వాలుగా అరిగితే పక్కదానిది దానికి సరిపడా అరిగింది. "దీని పక్కకు ఇదే ఉండె" అని ఆ అరుగుదల పట్టుకునే వరస పేర్చుకుంటూ పోయాడు. మెడ వెనక ముడి దగ్గరివి బాగా సన్నబడ్డాయి. ముందువి అంత అరగలేదు. నూటయాభై గురించి మళ్ళీ మాట్లాడలేదు నేను.

ఒకటి మాత్రం ఎక్కడా ఇమడలేదు. ఎటు తిప్పినా రెండు వైపులా గుండ్రంగానే ఉంది. రంగు కూడా ఒక పిసరు ఎరుపు. "ఇది ఈ దండది గాదమ్మా, తర్వాత కలిపిన్రు" అని దాన్ని ముడి పక్కన, కనపడని చోట గుచ్చాడు.

బస్టాండు నుంచి అమ్మకు ఫోన్ చేశాను. ఒక గుండు మారిందని నీకు తెలుసా అన్నాను. అటువైపు కాసేపు టీవీ చప్పుడే వినిపించింది.

"దండను అట్ల లెక్కబెట్టి ఎవరు జూస్తరే? మీ అమ్మమ్మనే అడగాల్సుండె. గొలుసు తెచ్చినవా?"

"తేలేదు."

"మరి పిల్లకేం చెప్తవ్? సరే, బస్సు దొరికిందా? కిటికీ కాడ కూసోకు, మెడలేసుకున్నవ్ గావచ్చు."

వేసుకునే ఉన్నాను. కొంగు కప్పుకుని, ఈసారి దస్తీ సీటు మీదికి విసిరాను.