ముక్కు సర్జరీ: ప్లాస్టర్ తీశాక మొదలయ్యే ఓపిక

నేను ముక్కు సర్జరీ చేయించుకున్నాక, మా అమలాపురంలో తెలిసినవాళ్లంతా నన్ను మొదట అడిగేది నొప్పి గురించే. నొప్పి నేను భయపడినంత లేదు, మాత్రలతో సర్దుకుంది. ఇబ్బందంతా ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీల్చుకోవడంలోనూ, వాపు తగ్గేదాకా అద్దం ముందు మనసు కుదురుగా ఉంచుకోవడంలోనూ ఉంది. ఈ రెండోది ముందే తెలిసుంటే చాలా ధైర్యంగా ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

నాకు ముక్కు దూలం మీద ఎత్తుగా ఉండేది. పైగా లోపలి మధ్య గోడ ఒరిగిపోయి ఎడమ వైపు గాలి సరిగ్గా ఆడేది కాదు. మొదట కలిసిన ఒక డాక్టరు హీరోయిన్ల ఫొటోలు చూపించి "ఏది కావాలమ్మా" అన్నారు. అక్కడి నుంచి వచ్చేశాను. రాజమండ్రిలో చూపించుకున్న ప్లాస్టిక్ సర్జన్ నా మొహాన్ని ఎదురుగా, పక్కల నుంచి, కింద నుంచి ఫొటోలు తీసుకున్నారు. దూలం సరిచేయడం, లోపలి గోడ సరిచేయడం ఒకేసారి అవుతాయన్నారు. కానీ నీ చర్మం మందం, ముక్కు కొస మరీ సన్నగా రాదమ్మా అని అప్పుడే చెప్పేశారు. తన చేతిలో లేనిది ఒప్పుకున్నందుకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

డాక్టరు ఎం.సి.హెచ్. (సర్జన్లు చదివే పై డిగ్రీ) ప్లాస్టిక్ సర్జరీ చదివారా, ముక్కులు తరచుగా చేస్తారా, మత్తు డాక్టరు ఎవరు, మళ్లీ చేయాల్సి వస్తే ఖర్చెవరిది, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. రెండోసారి సరిచేయించుకునేవాళ్లూ ఉంటారు, దానికి మామూలుగా ఏడాదైనా ఆగమంటారు. అందం కోసం చేసే భాగానికి ఇన్సూరెన్స్ సాధారణంగా రాదు. గోడ సరిచేసే భాగానికి మాత్రం పాలసీని బట్టి రావచ్చు.

ఎండాకాలంలో మా కోనసీమ ఉక్కకి ప్లాస్టర్ కింద చెమట పడుతుందని, ఆపరేషన్ సంక్రాంతి సెలవులు కలిసొచ్చేలా పెట్టుకున్నాను. రెండు వారాల ముందు నుంచి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దన్నారు, రక్తస్రావం ఎక్కువవుతుందట. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా మానకూడదు. ముక్కుపుడక తీసేస్తుంటే మా నాయనమ్మ "పెళ్లయిన పిల్లవి, బోసి ముక్కేంటే" అని చాలా బాధపడింది. మానాక పెట్టుకుంటానని ఒట్టేశాను.

పూర్తి మత్తులో 2, 3 గంటలు పడుతుంది. దూలం మీది ఎత్తు తీసేశాక పక్క ఎముకల్ని విరిచి దగ్గరికి చేరుస్తారు. కళ్ల చుట్టూ కమిలేది అందుకే. రెండో రోజుకి, మూడో రోజుకి నా రెప్పలు నల్లగా ఉబ్బిపోయాయి. తర్వాత ఆ నలుపు పసుపు రంగుకి తిరిగి, 2 వారాలకి దాదాపు పోతుంది. తల ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

మన తిండి సంగతి ఎవరూ చెప్పరు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టగానే ముక్కు కారుతుంది, చీదడానికి లేదు! ముక్కు కాస్త మానేదాకా ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నంతో గడిపాను. జంతికలు, అరిసెలు నమిలితే పైపెదవి లాగేసేది. ఆత్రేయపురం పూతరేకులే నాకు పండగ. పొగకి తుమ్ములొస్తాయని భోగి మంట దగ్గరికి వెళ్లలేదు. కళ్లజోడు వాళ్లకి ఇంకో చిక్కు: కొన్ని వారాలు దాని బరువు దూలం మీద పడకూడదు. నేను టేపుతో నుదుటికి అతికించుకున్నాను.

సుమారు వారానికి ప్లాస్టర్, కుట్లు తీస్తారు. ఆ రోజు అద్దంలో చూసుకుని ఏడ్చేశాను. ముక్కు వెడల్పుగా, కొస పైకి లేచిపోయి ఉంది. "నువ్వు చూస్తోంది నీ ముక్కు కాదమ్మా, వాపు" అన్నారు డాక్టరు. అక్షరాలా నిజం. చాలా వాపు మొదటి నెలల్లోనే తగ్గిపోతుంది, కొసది మాత్రం పూర్తిగా పోవడానికి ఏడాది పట్టొచ్చు, మందం చర్మానికి ఇంకా ఎక్కువ. పొద్దున్నే ఉబ్బి, సాయంత్రానికి తగ్గేది. కొస మొద్దుబారి ఉండేది, నవ్వితే పెదవి నాది కానట్టుండేది. ఇవన్నీ మెల్లగా సర్దుకున్నాయి. ఎడమ వైపు గాలి ఆడిన మొదటి రాత్రి నిద్ర ఎంత హాయో చెప్పలేను. ఆ సుఖానికే ఇంకోసారైనా ఒప్పుకుంటాను.

ఈమధ్య మా చిన్నాన్న కూతురు "ఇంజెక్షన్‌తో అయిపోతుందంట కదక్కా" అని అడిగింది. ఆ ఇంజెక్షన్‌తో చర్మం కింద ఎక్కించే జెల్‌ని ఫిల్లర్ అంటారు. అది ఎత్తుని తగ్గించదు, చుట్టూ నింపి కనబడకుండా చేస్తుందంతే. పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. పార్లర్‌లో చేయించుకోవద్దని గట్టిగా చెప్పాను. తనింకా ఎదిగే వయసులో ఉంది, ముఖం ఎముకల పెరుగుదల ఆగాకే ఆపరేషనైనా. ఇంటర్ అయ్యాక కూడా కావాలనిపిస్తే నేనే దగ్గరుండి డాక్టరు గారికి చూపిస్తానని మాటిచ్చాను.